‘ఆర్‌సీసీబీ లేదు’ అన్న ఒక్క లోపానికి ఎన్ని గ్రేడులు? ఒక పాత అపార్ట్‌మెంట్ తనిఖీ

పాత భవనాల ఎలక్ట్రికల్ తనిఖీలో లోపాలు పట్టుకోవడం కష్టమేమీ కాదు. ముప్పై ఏళ్ల నాటి బిల్డింగులో అడుగడుగునా ఏదో ఒకటి లేకుండానే ఉంటుంది. లేని ప్రతిదానికీ ఏ గ్రేడు ఇవ్వాలన్నదే, అంటే అదెంత ప్రమాదమో చెప్పడమే కష్టం. ఈ కేసులో ఆ ప్రశ్న ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) విషయంలో చాలా స్పష్టంగా ముందుకొచ్చింది కాబట్టి రాసి పెడుతున్నాను. ఎవరిదో, ఎక్కడిదో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

నేపథ్యం

హైదరాబాద్‌లో 90ల తొలినాళ్లలో కట్టిన అపార్ట్‌మెంట్. మూడంతస్తులు, 12 ఫ్లాట్లు, కింద పార్కింగు, వెనక సంపు, దాని పక్కనే మోటారు స్టార్టరు. మెట్ల కింద మీటర్ బోర్డు. ఒక్కో మీటరు తర్వాత ఒక కిట్‌క్యాట్ ఫ్యూజు, ఫ్లాట్ లోపల పాత ఐసీడీపీ (ఇనుప డబ్బాలో ఉండి ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే) మెయిన్ స్విచ్చు. నాలుగైదు ఫ్లాట్లవాళ్లు ఇల్లు రీమోడల్ చేయించినప్పుడు ఎంసీబీ (కరెంటు మించితే తనంతట పడిపోయే స్విచ్చు) బాక్సులు పెట్టించుకున్నారు. మిగతావాళ్లవి బిల్డర్ ఇచ్చినవే. ఎర్త్ పిట్ (ఎర్తింగ్ కోసం నేలలో తీసిన గుంట) ఒక్కటే. దాన్నుంచి ఒక జీఐ (జింకు పూత ఇనుప) పట్టీ మీటర్ బోర్డుకొస్తుంది, అక్కడి నుంచి ప్రతి ఫ్లాటుకూ ఎర్త్ వైరు పైకి వెళ్తుంది. ఈ ఒక్క పిట్, ఒక్క పట్టీ సంగతి గుర్తుంచుకోండి. కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మా దగ్గర చాలా ఇళ్లకు డిస్కమ్ (కరెంటు సరఫరా సంస్థ) ఇచ్చేది ఫేజు, న్యూట్రల్ మాత్రమే. ఎర్త్ మనమే పెట్టుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌కు వేరే ఎర్త్ ఉంటుంది. అంటే మన ఇంట్లో ఫేజు వైరు వస్తువు బాడీకి తగిలితే, ఆ కరెంటు మన పిట్‌లోంచి నేలలోకి దిగి, నేల గుండానే ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌కు చేరాలి. దీన్ని మా లెక్కలో టీటీ సిస్టమ్ అంటాం. ఇంగ్లండులో చాలా నగర ఇళ్లకు సప్లై కంపెనీయే ఎర్త్ టెర్మినల్ ఇస్తుంది. అక్కడ ఫాల్టు కరెంటు రాగి తీగలోనో కేబుల్ తొడుగులోనో వెనక్కి వెళ్తుంది కాబట్టి వందల ఆంపియర్లు ప్రవహించి ఫ్యూజు వెంటనే ఎగిరిపోతుంది. గ్రేడింగు విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. కింద వస్తుంది.

సమస్య

రెండో అంతస్తులో ఒకావిడకు ఉదయంపూట వాషింగ్ మెషీను ముట్టుకుంటే జివ్వుమంటోంది. రోజూ కాదు, రోజంతా కాదు. పొద్దున ఆరున్నర, ఏడు గంటల మధ్య ఎక్కువ. యూటిలిటీలో నేల తడిగా ఉన్నప్పుడు మరీ ఎక్కువ. మొదట వాళ్ల ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మధ్యాహ్నం వచ్చాడు కాబట్టి ఏమీ కనబడలేదు. మర్నాడు పొద్దున రప్పిస్తే టెస్టర్ పెట్టి చూశాడు. లైటు సరిగా వెలగలేదు. సాకెట్ మార్చాడు, తగ్గలేదు. మెషీన్ కంపెనీ మనిషి వచ్చి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి మెషీన్ బాగానే ఉందని తేల్చాడు. చివరికి ఎవరో చెబితే డీబీలో (ఫ్లాటు లోపలి మెయిన్ బాక్సులో) 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకున్నారు. మంచి కంపెనీదే, టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడుతోంది. అయినా మర్నాడు పొద్దున మళ్లీ జివ్వుమంది. ఆర్‌సీసీబీ మాత్రం పడలేదు.

ఇక ఎలక్ట్రీషియన్ చివరి మందు వేశాడు: “ఎర్త్ వైరు తీసేస్తే సరిపోతది మేడమ్.” సాకెట్ వెనక ఎర్త్ వైరు కత్తిరించి టేపు చుట్టాడు. షాక్ పోయింది.

ఈలోగా అసోసియేషన్ వాళ్లు ఒక ఏజెన్సీతో బిల్డింగ్ మొత్తం తనిఖీ చేయించారు. ఆ రిపోర్టులో ముప్పైకి పైగా అంశాలు, అన్నీ ఎర్ర రంగులోనే. ‘ఆర్‌సీసీబీ లేదు: ప్రమాదకరం’ అని పదకొండు ఫ్లాట్ల ఎదుటా, ‘సర్జ్ ప్రొటెక్షన్ (వోల్టేజి ఒక్కసారిగా ఎగిస్తే అడ్డుకునే పరికరం) లేదు: ప్రమాదకరం’ అని మీటర్ బోర్డు ఎదుటా, ‘మెట్ల లైట్లకు ఎర్త్ లేదు: ప్రమాదకరం’ అని ప్రతి అంతస్తు ఎదుటా రాశారు. చివర్లో రెండు కెమికల్ ఎర్త్ పిట్లకు (రసాయనం నింపే రకం) కొటేషన్. షాక్ వస్తున్న ఫ్లాటు ఎదుట మాత్రం ఆకుపచ్చ, ఎందుకంటే అక్కడ ఆర్‌సీసీబీ ఉంది!

మీటింగులో ఆ రిపోర్టు చూసి సగంమంది ఇది అమ్మకాల కాగితం అన్నారు. సెక్రటరీగారు రిటైరైన బ్యాంకు ఆఫీసరు. ఆయన నన్ను అడిగింది ఒక్కటే: “అన్నిటికీ ఎర్ర రంగేస్తే ఏది ముందు చెయ్యాలండీ?” సరైన ప్రశ్న.

మొదట ఏం చూశాను

షాక్ వస్తున్న ఇంటావిడతో మాట్లాడితే రెండు మాటలు దొరికాయి. ఒకటి, టైము. రెండోది, ఒకసారి భయమేసి మెయిన్ ఆపేసి మెషీన్ ముట్టుకున్నా జివ్వుమందట. అది నీ భ్రమ అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేశారు. నాకైతే కేసులో సగం అక్కడే తేలినట్టనిపించింది. మెయిన్ ఆపితే ఫేజూ న్యూట్రలూ తెగుతాయి, ఎర్త్ వైరు తెగదు. మెయిన్ ఆపాక కూడా బాడీలో వోల్టేజి ఉందంటే అది ఈ ఫ్లాటులో పుట్టింది కాదు, ఎర్త్ వైరు మీదుగా బయటి నుంచి వస్తోంది.

ఆర్‌సీసీబీ ఎందుకు పడలేదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఆ పరికరం చూసేది ఒక్కటే: ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా. పక్కవాళ్ల ఫాల్టు ఎర్త్ పట్టీ మీదుగా వచ్చి, మెషీన్ బాడీలోంచి మనిషి చేతిలోకి, చేతి నుంచి తడి నేలలోకి పోతే ఆ ఫ్లాటు ఫేజు, న్యూట్రల్ లెక్క చక్కగా సరిపోతుంది. ఆర్‌సీసీబీ దృష్టిలో అంతా బాగానే ఉన్నట్టు.

మర్నాడు పొద్దున్నే మీటర్ బోర్డు దగ్గర కూర్చున్నాం. ముందురోజే ఎర్త్ టెస్టర్‌తో పిట్ కొలిచాం. ఏప్రిల్ ఎండలకు మట్టి ఎండిపోయి 38 ఓమ్‌లు చూపించింది. ఎర్త్ పట్టీకీ, దూరంగా ప్రహరీ పక్క మట్టిలో దిగ్గొట్టిన కడ్డీకీ మధ్య వోల్ట్‌మీటరు పెట్టాం. ఆరున్నర దాకా రెండు మూడు వోల్టులు. ఆ తర్వాత ఒక్కసారిగా 57. పావుగంట ఉండి సున్నాకు దగ్గరగా పడింది, కాసేపటికి మళ్లీ 57. ఇలా వచ్చిపోవడం చూస్తే థర్మోస్టాట్ ఉన్న వస్తువేదో అని ఎవరికైనా తడుతుంది. టెస్టర్ ఎందుకు సరిగా వెలగలేదో కూడా తెలిసింది. అందులోని నియాన్ దీపం గట్టిగా వెలగడానికి 57 వోల్టులు చాలవు. తడి కాళ్లతో ఉన్న మనిషికి మాత్రం చాలు.

ఇక లీకేజ్ క్లాంప్ తీసుకుని, ఒక్కో మీటరు నుంచి వెళ్లే ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి క్లాంపులో పెట్టి చూశాం. రెండూ కలిపి పెడితే వెళ్లిందీ వచ్చిందీ కొట్టేసుకుని లీకేజీ మాత్రమే మిగులుతుంది. చాలా ఫ్లాట్లకు ఐదారు మిల్లీ ఆంపియర్లు. మూడో అంతస్తులో అద్దెకుంటున్న కుర్రాళ్ల ఫ్లాటుకు 1.5 ఆంపియర్లు. 1.5ను 38తో గుణిస్తే 57. లెక్క కుదిరింది.

(రెండు ఫ్లాట్లకు చెరో మూడు ఆంపియర్లు కూడా కనిపించాయి. వాటి సంగతి తర్వాత.)

కుర్రాళ్ల గీజరు ఎలిమెంటు పైతొడుగు చిట్లి ఉంది. గీజరు మాత్రం నీళ్లు బాగానే కాచేది. చిట్లినచోటు న్యూట్రల్ వైపుకు దగ్గరగా ఉండడంతో పూర్తి 230 వోల్టులు కాక అందులో కొంత భాగమే బయటికొస్తోంది. వాళ్లకు షాక్ ఎందుకు కొట్టలేదంటే, గీజరు ఆపేసి, బకెట్టు పట్టుకుని స్నానం చేసే అలవాటు. అలా ఆపమని ఊళ్లో అమ్మ చెప్పిందని ఒకబ్బాయి అన్నాడు.

ఆ 1.5 ఆంపియర్లకు 16 ఆంపియర్ల ఫ్యూజు ఏ జన్మకు పోతుంది?

గ్రేడింగు: ఏది లేదని కాదు, దాని పని ఇంకెవరు చేస్తున్నారని

మన దేశంలో పాత ఇళ్ల తనిఖీకి అందరూ వాడే ఒకే గ్రేడింగు పద్ధతంటూ నాకు కనబడలేదు. అందుకే ఇంగ్లండులో వాడే పద్ధతిని కాస్త మార్చుకుని వాడతాను. అక్కడ సీ1 అంటే ఇప్పుడే ప్రమాదం ఉంది, సీ2 అంటే ప్రమాదానికి అవకాశం ఉంది, సీ3 అంటే మెరుగుపరిస్తే మంచిది. ఎఫ్‌ఐ అంటే ఇంకా లోతుగా చూడాలి. మొదటి రెండింటిలో, ఎఫ్‌ఐలో ఏ ఒక్కటున్నా రిపోర్టు ‘సంతృప్తికరం కాదు’ అని వెళ్తుంది. సీ3లు ఎన్నున్నా రిపోర్టు పాసే. నేను వీటిని మామూలుగా ఒకటి, రెండు, మూడు, ‘తేల్చాలి’ అని రాస్తాను.

రెండో గ్రేడుకు నేను పెట్టుకున్న పరీక్ష ఇది: ఇప్పుడు అంతా బాగానే ఉంది, రేపు ఒకే ఒక్క ఫాల్టు వస్తే మనిషికి ప్రమాదమా? అవునంటే రెండు. ఇంకో రక్షణ ఏదైనా అడ్డుపడుతుందంటే మూడు.

దీని ప్రకారం ‘ఆర్‌సీసీబీ లేదు’ అన్న ఒకే వాక్యానికి చోటును బట్టి గ్రేడు మారుతుంది. ఇంగ్లండులో సప్లై కంపెనీ ఎర్త్ ఉన్న ఇంట్లో, పై అంతస్తు సాకెట్లకు ఆర్‌సీడీ (ఆర్‌సీసీబీ లాంటి పరికరాలకు అక్కడి పేరు) లేకపోతే సాధారణంగా సీ3 ఇస్తారు. ఫాల్టు వస్తే ఫ్యూజు తన పని తాను చేస్తుంది, ఆర్‌సీడీ అదనపు రక్షణ. అదే ఇల్లు టీటీ అయితే సీ2. అక్కడ ఫాల్టును ఆపేది ఆర్‌సీడీ ఒక్కటే.

మన బిల్డింగుకు ఈ లెక్క వేద్దాం. పిట్ 38 ఓమ్‌లు, మిగతా దారంతా కలిపితే సుమారు 40. ఫేజు నేరుగా ఫ్రిజ్ బాడీకి తగిలినా పారేది 230ని 40తో భాగిస్తే వచ్చేది, అంటే ఆరు ఆంపియర్లలోపు. 16 ఆంపియర్ల ఫ్యూజుకూ, ఎంసీబీకీ అది మామూలు లోడుతో సమానం. మోస్తూ కూర్చుంటాయి. ఈలోగా ఎర్త్ పట్టీ మీద 218 వోల్టుల దాకా నిలబడుతుంది. అది ఆ ఒక్క ఫ్లాటులో కాదు, ఆ పట్టీకి కలిసిన 12 ఫ్లాట్లలోని ప్రతి ఫ్రిజ్ మీదా, ప్రతి వాషింగ్ మెషీను మీదా, కింద స్టార్టరు డబ్బా మీదా.

కుర్రాళ్ల ఎలిమెంటు ఇంకో చివర చిట్లి ఉంటే జరిగేది అదే. 57 వోల్టులు మన అదృష్టం.

కాబట్టి ఈ బిల్డింగులో ఫ్లాటుకు ఫ్లాటుగా గ్రేడు ఇవ్వడం కుదరదు. ఎర్త్ ఉమ్మడిది, అందువల్ల ప్రమాదమూ ఉమ్మడిదే. ఏజెన్సీ రిపోర్టులో పదకొండు ఫ్లాట్లకు ఎర్ర రంగు వేయడం తప్పేమీ కాదు. పన్నెండో దానికి ఆకుపచ్చ వేయడమే తప్పు. ఆవిడ ఆర్‌సీసీబీ ఆవిడ ఇంట్లో పుట్టే ఫాల్టు నుంచి కాపాడుతుంది. పక్కవాళ్ల ఫాల్టు నుంచి ఆవిడను కాపాడాల్సింది పక్కవాళ్ల ఆర్‌సీసీబీ. నేను పదకొండు పంక్తులు తీసేసి ఒక్కటి రాశాను: ‘భవనం మొత్తం, ఉమ్మడి ఎర్త్, ఫాల్టు కరెంటును ఆపే పరికరం లేదు, గ్రేడు 2.’

మిగతా వాటి సంగతి:

కుర్రాళ్ల గీజరు మొదటి గ్రేడు, అందులో చర్చే లేదు. అప్పటికప్పుడు వైర్లు విప్పించాం. ఎలిమెంటు మార్చాక ఆ అంశం మాత్రం ముగిసింది, భవనం మీద ఉన్న రెండో గ్రేడు అలాగే ఉండిపోయింది. చాలామంది ఇక్కడే పొరబడతారు. షాక్ పోయింది కదా, ఇంకా ఎర్ర రంగెందుకంటారు. షాక్ ఒక ఫాల్టు. ఫాల్టు వచ్చినప్పుడు ఆపేది లేకపోవడం ఇంకో లోపం. మొదటిది పోయినంత మాత్రాన రెండోది పోదు.

కింద సంపు స్టార్టరు. ఏజెన్సీ రిపోర్టులో దాని ఊసే లేదు. ఇనుప డబ్బా, ఉమ్మడి ఎర్త్, తడి నేల, తెల్లవారకముందే మోటారు వేసే వాచ్‌మన్. ఆ హ్యాండిలుకు ఒక పాలిథీన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఎందుకని అడిగితే, “పొద్దున పూట జివ్వుమంటది సార్, అందుకే కవర్ తొడిగిన,” అన్నాడు. ఎప్పటినుంచి అంటే చలికాలం నుంచి. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. రెండో అంతస్తు ఆవిడ కంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నది అతనే. ఆవిడ ఇంట్లో టైల్స్ ఉన్నాయి, చెప్పులున్నాయి. ఇతను ఉత్త కాళ్లతో మట్టి మీద నిలబడతాడు. పేరుకు భవనం తాలూకు రెండో గ్రేడులోదే అయినా, పనుల వరుసలో దాన్ని మొదట పెట్టాను.

ఎర్త్ వైరు కత్తిరించిన సాకెట్ రెండో గ్రేడు. అక్కడ ఆర్‌సీసీబీ ఉంది కాబట్టి మూడు ఇవ్వొచ్చు కదా అని నా దగ్గర పనిచేసే కుర్రాడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. అసలు ఎర్త్ వైరే లాగని పాత రెండు వైర్ల ఇంట్లో ఆర్‌సీసీబీ పెడితే నేను కాస్త తగ్గించి చూస్తాను, అక్కడ గోడలు పగలగొడితే తప్ప వేరే దారుండదు. కానీ ఎర్త్ లేని మెషీనులో ఫాల్టు వస్తే మనిషి ముట్టుకున్నాకే ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్త్ ఉంటే ముట్టుకోకముందే పడుతుంది. ఉన్న రక్షణను చేతులారా తీసేసినచోట తగ్గింపు ఇవ్వను.

ఐసీడీపీ మెయిన్లలో న్యూట్రల్‌కు కూడా ఫ్యూజు ఉండడం రెండో గ్రేడు. న్యూట్రల్ ఫ్యూజు ఒక్కటే పోతే ఇంట్లో ఏదీ పనిచేయదు, కరెంటు లేదనుకుని ఎవరో సాకెట్ విప్పుతారు, ఫేజు మాత్రం అక్కడే ఉంటుంది.

మెట్ల లైట్లు ప్లాస్టిక్ ఫిట్టింగులు, చేతికందవు. మూడు. టెర్రస్ తలుపు పక్కన ఉన్న ఇనుప బ్రాకెట్ లైటు మాత్రం చేతికందుతుంది, వానకు తడుస్తుంది. రెండు. సర్జ్ ప్రొటెక్షన్ లేకపోవడం మూడు. పిడుగుల కాలంలో టీవీ పోవచ్చు, అది డబ్బు నష్టం. మనిషి ప్రాణంతో దాన్ని ఒకే రంగులో కలిపితే రిపోర్టును ఎవరూ నమ్మరు, ఇక్కడ నమ్మలేదు కూడా.

చెరో మూడు ఆంపియర్లు చూపించిన ఆ రెండు ఫ్లాట్లకు ‘తేల్చాలి’ అని రాశాను.

పాత బిల్డింగుకు కొత్త రూలు వర్తిస్తుందా?

ఈ వాదన ప్రతి మీటింగులో వస్తుంది, ఇక్కడా వచ్చింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనల్లో 42వది, చిన్న లోడ్లను మినహాయించి, ఇళ్ల సప్లైకి 30 మిల్లీ ఆంపియర్లు మించని ఎర్త్ లీకేజీ పరికరం ఉండాలని చెప్పింది. ఆ నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. అంతకుముందున్న 1956 నాటి రూల్సులోనూ తర్వాత చేర్చిన 61ఏ అనే ఇలాంటి రూలే ఉండేది. అయితే కట్టినప్పుడు ఒక్కో ఫ్లాటుకు రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్ లోడు. మినహాయింపు కిందే పోయేవి. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఏసీ, గీజరు, ఇండక్షన్ స్టవ్వు.

అయినా గ్రేడు ఇవ్వడానికి నేను రూలు తేదీ చూడను. కట్టినప్పుడు బిల్డర్ తప్పు చేశాడా లేదా తేల్చడానికి తేదీ పనికొస్తుంది. ఇవాళ మనిషికి ప్రమాదమా కాదా అన్నదానికి 38 ఓమ్‌లే జవాబు. కొత్త రూలుకు తగ్గట్టు లేనంత మాత్రాన ప్రమాదకరమని రాయకూడదు, పాత రూలుకు సరిపోయినంత మాత్రాన భద్రమనీ రాయకూడదు.

ఏవి పనిచేయవు

ఏజెన్సీ చెప్పిన కెమికల్ ఎర్తింగ్ మీద మీటింగులో చాలామందికి గురి ఉంది. కొత్త పిట్లు వేస్తే షాక్ పోతుందని. లెక్క చూపించాను. రెండు పిట్లు వేసి 38ని పదికి దించామనుకుందాం. మిగతా దారితో కలిపి 12 ఓమ్‌లు, నేరుగా ఫాల్టు వస్తే పారేది 19 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆ కాస్త ఎక్కువకు గంటైనా పడకపోవచ్చు. సీ-టైపు రకం ఎంసీబీ తక్షణం పడాలంటే దానికి పదింతలు, అంటే 160 ఆంపియర్లు కావాలి. అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌తో కలిపి మొత్తం దారి 1.4 ఓమ్‌లు ఉండాలి. అడుగున రాయి ఉన్న ఈ నేలలో, ఒక అపార్ట్‌మెంట్ బడ్జెట్‌తో, అదీ ఎండాకాలంలో, అయ్యే పని కాదు. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, బాడీ మీద వోల్టేజి 50 వోల్టుల భద్రతా హద్దు దాటకుండా ఆపడానికి 1,600 ఓమ్‌ల ఎర్త్ కూడా సరిపోతుంది. పిట్ బాగుండాలి, సందేహం లేదు. కానీ పిట్‌ను ఎంత బాగుచేసినా ఆర్‌సీసీబీ చేసే పని అది చేయలేదు.

ఇంకొకరు ఎర్త్ పట్టీని న్యూట్రల్‌కు కలిపేద్దామన్నారు. అప్పుడు ఫ్యూజు పోతుంది, నిజమే. కానీ మన వీధుల్లో గాలివానకు సర్వీసు న్యూట్రల్ తెగడం కొత్తేమీ కాదు. న్యూట్రల్ తెగితే ఏ ఫాల్టూ లేకుండానే ప్రతి ఫ్రిజ్ బాడీ మీదికీ ఫేజు వచ్చి కూర్చుంటుంది. ఒక ఫ్లాటు వంటింటి సాకెట్‌లో ఇలాంటి జంపరు అప్పటికే దొరికింది. పీకించేశాం.

ఏం చేశాం, ఎక్కడ ఆగింది

అసోసియేషన్ డబ్బు కామన్ ఏరియాకే ఖర్చు పెట్టాలని వాళ్ల బైలా. ఫ్లాటు లోపలి డీబీ ఓనరు సొంత ఖర్చు. పన్నెండుమందిని ఒప్పించి ఒకేసారి పెట్టించడం జరిగే పని కాదని నాకు అనుభవమే. ఒక్కరు పెట్టకపోయినా మిగతా పదకొండుమంది ఎర్త్ ప్రమాదంలోనే ఉంటుంది.

అందుకే రెండంచెలుగా వెళ్లాం. మీటర్ బోర్డులో, ప్రతి మీటరు తర్వాత కిట్‌క్యాట్ తీసేసి డీపీ (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే) ఎంసీబీ, దాని తర్వాత 100 మిల్లీ ఆంపియర్ల ఎస్-టైపు ఆర్‌సీసీబీ. అది కామన్ ఏరియా కాబట్టి అసోసియేషన్ ఖర్చు. లోపల 30 మిల్లీ ఆంపియర్లది ఓనరు ఖర్చు. ఎస్-టైపు కావాలనే కాస్త ఆలస్యంగా పడుతుంది, లోపలిది ముందు పడే అవకాశమిస్తుంది. కింద కూడా మామూలుది పెడితే ఇంట్లో చిన్న ఫాల్టుకు రెండూ పడి, అర్ధరాత్రి మెట్లు దిగి వెళ్లాల్సొస్తుంది. రెండుసార్లు దిగాక ఎవరో ఒకరు దాన్ని బైపాస్ చేయిస్తారు. కిందిది మనిషి తీగ ముట్టుకుంటే కాపాడేది కాదని మీటింగులో గట్టిగా చెప్పాను. దాని పని ఎర్త్ పట్టీని కాపాడడం. ఏ ఒక్క ఫ్లాటు నుంచీ 100 మిల్లీ ఆంపియర్లకు మించి పట్టీలోకి కారనివ్వదు, అంటే 38 ఓమ్‌ల మీద నాలుగు వోల్టుల్లోపే. ఇన్వర్టర్ ఏసీలు, కొత్త వాషింగ్ మెషీన్ల లీకేజీలో డీసీ ముక్కలుంటాయి కాబట్టి అన్నీ అలాంటి లీకేజీని కూడా పట్టే టైపు ఏ రకమే తీసుకున్నాం. మోటారు స్టార్టరుకు నేరుగా 30 మిల్లీ ఆంపియర్లది పెట్టాం.

సప్లై ఇచ్చిన రోజు పది ఫ్లాట్లవి నిలబడ్డాయి. రెండు వెంటనే పడ్డాయి, మూడు ఆంపియర్లు చూపించినవే. పక్కపక్క ఫ్లాట్లు కొని మధ్య గోడ తీసేసిన కుటుంబం వాళ్లది. హాల్లో ఏసీకి ఒక మీటరు ఫేజు, ఇంకో మీటరు న్యూట్రల్! పైగా ఒకే ఇన్వర్టరు రెండు వైపులా ఫ్యాన్లకు, లైట్లకు. ఒక ఆర్‌సీసీబీ లోంచి వెళ్లిన కరెంటు ఇంకోదాని లోంచి వస్తుంటే రెండూ పడడం సహజం. అక్కడి ఎలక్ట్రీషియన్ “ఆర్‌సీసీబీలే డిఫెక్ట్ సార్, పాత వైరింగుకు పనికిరావు,” అన్నాడు. ఈ మాట పాత బిల్డింగుల్లో ఎన్నిసార్లు విన్నానో. నేను చూసినంతలో ఎక్కువసార్లు వైరు పాతబడడం కాదు, న్యూట్రల్ కలిసిపోవడమే కారణం. ఇన్సులేషన్ మెగ్గర్ పెట్టి చూస్తే ఆ రెండు ఫ్లాట్లలోనూ ఒక మెగా ఓమ్ కంటే పైనే ఉంది.

న్యూట్రల్ విడదీయడానికి సర్క్యూటు తర్వాత సర్క్యూటు విప్పి చూడాల్సొచ్చింది. హాలు ఏసీ మొత్తాన్ని ఒక మీటరు మీదికి తెచ్చాం. ఇన్వర్టరు ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ ఒకే ఆర్‌సీసీబీ కిందికి వచ్చేలా ఒక వైపు మాత్రమే ఉంచాం. రెండో వైపు లైట్లకు ఇన్వర్టరు వద్దని వాళ్లను ఒప్పించడానికి వైరింగు కంటే ఎక్కువ టైము పట్టింది. కరెంటు పోయినప్పుడు ఆ గదిలో చీకటి ఉంటుందని పెద్దాయన బాధ. చివరికి అక్కడ చార్జింగు లైట్లు పెట్టుకున్నారు.

రెండో అంతస్తు ఆవిడ సాకెట్‌లో ఎర్త్ వైరు మళ్లీ కలిపాం. మళ్లీ షాక్ వస్తుందేమోనని ఆవిడ టెన్షన్ పడ్డారు. పొద్దున అందరి గీజర్లూ నడుస్తుండగా పట్టీ మీద వోల్టేజి ఆవిడ ముందే కొలిచి చూపించాక ఒప్పుకున్నారు. రెండు వోల్టులు కూడా లేదు.

రిపోర్టు ఇప్పుడు ఎలా ఉందంటే

‘ఉమ్మడి ఎర్త్’ పంక్తి రెండో గ్రేడు నుంచి తీసేశాను. లోపల 30 మిల్లీ ఆంపియర్లది ఇంకా పెట్టించుకోని ఐదు ఫ్లాట్లకు విడివిడిగా రాశాను. వాటికి గ్రేడు విషయంలో కొంత తర్జనభర్జన పడ్డాను. కిందిది ఉంది కాబట్టి ఎర్త్ ఉన్న వస్తువులో ఫాల్టు వస్తే సప్లై ఆగుతుంది, పక్కవాళ్లకు ప్రమాదం లేదు. నా పరీక్ష ప్రకారం గది సాకెట్లకు మూడో గ్రేడు సరిపోతుంది. కానీ బాత్‌రూమ్, యూటిలిటీ, బాల్కనీ సాకెట్లకు రెండు ఇచ్చాను. అక్కడ తడి చేతులు, తెగిన వైర్లు, హీటర్ కడ్డీలు ఉంటాయి, 100 మిల్లీ ఆంపియర్లు మనిషి గుండెకు చాలా ఎక్కువ. ఒకే ఇంట్లో ఒకే లోపానికి రెండు గ్రేడులేమిటని ఒక ఓనరు వాదించారు. గదికీ బాత్‌రూమ్‌కీ తేడా ఆయనకే చెప్పమన్నాను. బాత్‌రూమ్ లైనుకు మాత్రం ఆర్‌సీబీఓ (ఆర్‌సీసీబీ, ఎంసీబీ కలిసి ఉన్న పరికరం) పెట్టించుకున్నారు, డీబీ మొత్తం మార్చకుండా. అది నాకు సమ్మతమే.

ఐదింట్లో ఒకటి అమెరికాలో ఉంటున్నవాళ్ల తాళం వేసిన ఫ్లాటు. లోపల ఏముందో చూడలేదు కాబట్టి ‘తేల్చాలి’ అని రాసి, వాళ్ల అనుమతితో మీటరు దగ్గర డీపీ ఎంసీబీ ఆపించి ట్యాగు కట్టించాం. తాళం తీసిన రోజు సప్లై ఇచ్చేముందు తనిఖీ చేయాలని ట్యాగు మీదే ఉంది.

ఆర్‌సీసీబీల టెస్ట్ బటన్లు మూణ్నెల్లకోసారి నొక్కే పని వాచ్‌మన్‌కు అప్పగించారు. రిజిస్టరులో తారీఖు వేసి సంతకం పెడుతున్నాడు. పిట్‌ను మళ్లీ మే నెలలోనే కొలవాలని, వానాకాలంలో కొలిచిన విలువను లెక్కలోకి తీసుకోవద్దని రిపోర్టు చివర రాసిచ్చాను.